నిజంగా బతికిన స్త్రీల మీద చారిత్రక నవల: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒకప్పుడు నిజంగా బతికిన స్త్రీ కథను నవలగా రాయాలనుకునేవాళ్ళు, అలాంటి నవల చదువుతూ మధ్యలో "ఇందులో నిజమెంత?" అని ఆగిపోయేవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్నలు ఇవి. కొన్నిటికి రెండు మాటల్లో జవాబు సరిపోతుంది. కొన్నిటికి సరిపోదు, అక్కడ ఎక్కువసేపు ఆగాం.

జీవిత చరిత్రకూ ఇలాంటి నవలకూ తేడా ఏమిటి?

జీవిత చరిత్ర రాసేవాళ్ళు ఆధారం ఎక్కడ ఆగితే అక్కడ ఆగాలి. నవల రాసేవాళ్ళకు అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఇటలీ చిత్రకారిణి ఆర్టెమీసియా జెంటిలెస్కీ సంగతి చూడండి. తనను బలాత్కరించిన అగోస్టినో టాస్సీ మీద 1612లో రోమ్‌లో విచారణ జరిగింది. ఆమె చెప్పేది నిజమో కాదో తేల్చడానికి వేళ్ళకు తాళ్ళు చుట్టి బిగించారు. నొప్పిలోనే ఆమె "ఇది నిజం, ఇది నిజం" అంటూ వచ్చింది. టాస్సీ ఎదుటే ఉన్నాడు. నువ్వు తొడిగిన ఉంగరం ఇదే, నువ్విచ్చిన మాటలు ఇవే అని అతనితో అంది. ఇదంతా కోర్టు రికార్డులో ఉంది. ఆ వేళ్ళు కుంచె పట్టే వేళ్ళు. మర్నాడు కుంచె పట్టుకోగలిగిందా, ఎన్నాళ్ళకు పట్టుకుంది, ఆ ఇంట్లో ఆ రాత్రి ఎవరు ఎవరితో మాట్లాడారు అన్నది రికార్డులో లేదు. నవల ఉండేది ఆ మర్నాట్లోనే. కానీ రికార్డు ఏ వాక్యం దగ్గర ఆగిందో వేలుపెట్టి చూపించగలిగినవాళ్ళకే దాన్ని రాసే అర్హత ఉంటుంది.

ఎవరి కథ ఎంచుకోవాలి? ఎంత ఆధారం ఉంటే నవలకు సరిపోతుంది?

ప్రఖ్యాతి చూసి ఎంచుకోవద్దు. ఒక పరీక్ష పెట్టుకోండి. ఆమె గురించి రుజువున్న సంగతులు మాత్రమే తీసుకుని, విశేషణాలు లేకుండా ఒక పేజీ రాయండి. ఆ పేజీలో మూడు ఉండాలి: తేదీ తెలిసిన ఒక సంఘటన, ఆమె నోటివో చేతివో అయిన కొన్ని మాటలు, ఎంత ఆలోచించినా మీకు అంతుపట్టని ఒక్క నిర్ణయం. మూడోది లేకపోతే మిగిలిన రెండూ ఉన్నా కథ నడవదు.

ఈ పరీక్షలో నెగ్గే జీవితం అలాస్కా స్త్రీ ఏడా బ్లాక్‌జాక్‌ది. 1921లో నలుగురు మగవాళ్ళతో కలిసి, వాళ్ళ బట్టలు కుట్టే పనికి కుదిరి, ఆర్కిటిక్ సముద్రంలోని రాంగెల్ దీవికి వెళ్ళింది. క్షయ ఉన్న కొడుకు వైద్యానికి డబ్బు కావాలి. 1923 జనవరిలో ముగ్గురు మంచు మీదుగా సహాయం కోసం బయల్దేరి మళ్ళీ కనిపించలేదు. నాలుగోవాడికి స్కర్వీ, అంటే విటమిన్ సి అందక వచ్చే జబ్బు. జూన్‌లో అతను చనిపోయేదాకా ఆమే చూసుకుంది. తర్వాత ఆగస్టులో ఓడ వచ్చేవరకు ఒంటరిగా ఉంది. తుపాకీ అన్నా, ధ్రువపు ఎలుగుబంట్లన్నా భయమున్న మనిషి తనకు తానే గురి చూడటం నేర్చుకుంది, వేటాడింది, డైరీ రాసుకుంది. తేదీలున్నాయి, ఆమె మాటలున్నాయి. ఇక ప్రశ్న: అంత భయమున్న మనిషి వస్తామన్న అలాస్కా స్థానికులెవరూ తోడు రాకపోయినా ఆ ఓడ ఎందుకెక్కింది? కొడుకు కోసం అన్నది జవాబులో సగం. మిగతా సగమే నవల.

ఆమె గురించి ఒక్క కాగితం కూడా దొరకడం లేదు. ఎక్కడ వెతకాలి?

ఆమె పేరుతో వెతుకుతున్నారు కాబట్టి దొరకడం లేదు. పాత రికార్డుల్లో స్త్రీ "ఫలానావాడి భార్య"గా, "ఫలానావాడి కూతురు"గా, ఒక్కోసారి "విధవ" అన్న ఒక్క ముక్కగా ఉంటుంది. కాబట్టి తండ్రి, అన్నదమ్ములు, భర్త, భర్త అన్నదమ్ములు, ఇంటి యజమాని, అప్పిచ్చినవాడు, వీళ్ళ పేర్లతో వెతకండి. ప్రతి పేరుకూ కనీసం అయిదారు రకాల వర్ణక్రమాలు ముందే రాసి పెట్టుకోండి. గుమస్తా తన చెవికి వినపడినట్టు రాశాడు తప్ప ఆమెను అడిగి రాయలేదు.

వెతికే వరుస ఇలా ఉంటే శ్రమ తగ్గుతుంది. ముందు కోర్టు కాగితాలు, ఎందుకంటే పేదవాళ్ళు మాట్లాడినట్టుగా దొరికేది అక్కడే. లండన్ ఓల్డ్ బెయిలీ కోర్టులో 1674 నుంచి 1913 వరకు జరిగిన విచారణల అచ్చు నివేదికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. దొంగతనం కేసులో పనిమనిషి చెప్పిన సాక్ష్యంలో ఆమె ఏ గదిలో పడుకునేదో, తాళం ఎవరి దగ్గర ఉండేదో కూడా తెలుస్తుంది. తర్వాత వీలునామాలు, ఆస్తి తగాదాలు. ఆ తర్వాత జనాభా లెక్కలు, ఆసుపత్రి రిజిస్టర్లు, ఓడ ప్రయాణికుల జాబితాలు, దాన శాసనాలు, ఇంటి ఖర్చుల పుస్తకాలు.

జనాభా లెక్కల్ని గుడ్డిగా నమ్మొద్దు. ఇంగ్లండ్‌లో 1841 లెక్కల్లో 15 ఏళ్ళు దాటినవాళ్ళ వయసును అయిదు గుణిజానికి తగ్గించి రాయమన్నారు. అంటే 35 అని ఉన్నామె 39 ఏళ్ళది కావచ్చు. అమెరికాలో 1850కి ముందు లెక్కల్లో ఇంటి పెద్ద పేరు మాత్రమే ఉంటుంది, మిగతావాళ్ళంతా అంకెలు. అక్కడ మీ కథానాయిక ఒక గడిలో "1" అయి ఉంటుంది. వృత్తి గడి ఖాళీగా ఉంటే ఆమె పని చేయలేదని అర్థం కాదు. అడిగినవాడికి ఆ పని పనిగా కనిపించలేదని అర్థం.

రాయడం రాని స్త్రీలు కూడా గుర్తులు వదిలారు. 18వ శతాబ్దంలో లండన్‌లోని ఫౌండ్లింగ్ హాస్పిటల్ అనే అనాథాశ్రమంలో పిల్లల్ని వదిలి వెళ్ళేటప్పుడు, ఎప్పటికైనా తిరిగి గుర్తుపట్టడానికి, ఒక గుడ్డ ముక్కను చేర్చుకునే కాగితానికి గుండుసూదితో గుచ్చి పెట్టేవారు. ఆ గుడ్డ ముక్కలు వేలల్లో ఇప్పటికీ ఆ పుస్తకాల్లోనే ఉన్నాయి. పువ్వుల అచ్చుగుడ్డ, రిబ్బను, చొక్కా చేతి అంచు. వాటి ముందు కూర్చుంటే, ఆ గుడ్డ మిగతా సగం ఎవరి పెట్టెలో ఎన్నేళ్ళు ఉండిపోయిందన్న ప్రశ్న దానంతట అదే వస్తుంది.

ఒక మామూలు ఇల్లాలి డైరీ దొరికింది. అందులో వాతావరణం, పనులు, రాకపోకలు తప్ప ఏమీ లేవు. పనికొస్తుందా?

అంతకంటే పనికొచ్చేది లేదు. అమెరికాలోని మెయిన్ ప్రాంతంలో మార్తా బల్లార్డ్ అనే మంత్రసాని 1785 నుంచి 1812 వరకు, 27 ఏళ్ళపాటు, దాదాపు రోజూ రాసుకుంది: ఎండో వానో, ఎవరింటికి వెళ్ళిందో, ఎవరికి కాన్పు చేసిందో, ఎంత ముట్టిందో. చాలాకాలం చరిత్రకారులు దాన్ని అల్పమైన రోజువారీ సంగతులని పక్కన పెట్టారు. ఎనిమిది వందలకు పైగా ప్రసవాలు ఆ డైరీలో ఉన్నాయి. ఆ ఊళ్ళో ఎవరు ఎవరికి బాకీ, ఏ పెళ్ళి కడుపు పండాక జరిగింది, నది గడ్డకట్టినప్పుడు ఎవరు ఎలా దాటారు అన్నీ బయటపడతాయి.

ఇలాంటి డైరీని చదివే పద్ధతి వేరు. కథ కోసం చదవకండి. ఒక ఏడాది తీసుకుని పట్టిక వేయండి: తేదీ, చోటు, మనుషులు, పని, డబ్బు. పట్టికలో ఖాళీలు ఎక్కడ వచ్చాయో చూడండి. రోజూ రాసే మనిషి నాలుగు రోజులు రాయలేదంటే, లేదా రోజూ వచ్చే పేరు హఠాత్తుగా ఆగిపోయిందంటే, అక్కడ ఏదో జరిగింది.

ఆ కాగితాలన్నీ రాసింది మగవాళ్ళే. వాటిలో ఆమె గొంతు ఎలా వినాలి?

ప్రతి కాగితాన్నీ నాలుగు ప్రశ్నలు అడగండి. ఎవరు రాశారు? ఎవరు చదవాలని రాశారు? ఆమెను ఏ ప్రశ్న అడిగితే ఈ జవాబు వచ్చింది? ఆమె మాట్లాడిన భాష, కాగితంలో ఉన్న భాష ఒకటేనా?

మూడో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం, అందరూ మరిచిపోయేదీ అదే. వాంగ్మూలంలో ప్రశ్నలు తీసేసి జవాబుల్ని ఒక వరుసలో అతికిస్తారు. అప్పుడు ఆమె తనంతట తాను గడగడా చెప్పినట్టు కనిపిస్తుంది. నిజానికి ప్రతి వాక్యం వెనకా ఒక అధికారి ప్రశ్న ఉంది. ఆ ప్రశ్నల్ని మీరు తిరిగి రాసి చూడండి. "ఆ రాత్రి నేను తలుపు వేయలేదు" అన్న వాక్యానికి ముందు "తలుపు ఎందుకు తీసి ఉంచావు?" అన్న ప్రశ్న పెడితే అదే వాక్యం బెదురుగా వినిపిస్తుంది.

ఫ్రాన్స్‌లోని ఆర్టిగా అనే పల్లెలో బెర్‌ట్రాండ్ ద రోల్స్ భర్త ఇల్లు విడిచిపోయాడు. ఏళ్ళ తర్వాత అతనే అని చెప్పుకుంటూ వచ్చిన వేరే మనిషితో ఆమె మూడేళ్ళకు పైగా కాపురం చేసింది. 1560లో టులూజ్‌లో కేసు నడుస్తుండగా అసలు భర్త తిరిగొచ్చాడు. ఆ కేసు విన్న న్యాయమూర్తుల్లో ఒకరైన జాన్ ద కోరాస్ దాన్ని పుస్తకంగా అచ్చు వేశాడు. మనకు తెలిసిందాంట్లో చాలా భాగం ఆయన చెప్పిందే. ఆమె మోసపోయిందన్నట్టు ఆయన చూశాడు. అలా చూడటం వల్ల ఆమె శిక్ష తప్పించుకుంది. ఆమెకు నిజం ముందే తెలుసా? తెలియదనే ఆమె చెప్పింది, కానీ అది అలా చెప్పడం తప్ప మరో దారి లేని కోర్టులో చెప్పిన మాట. మీరు ఏ పక్షం తీసుకున్నా ఫరవాలేదు, కానీ న్యాయమూర్తి చూపును ఆమె మనసుగా రాయకండి.

ఒకే మనిషి పొసగని మాటలు చెప్పిన సందర్భాలూ ఉంటాయి. కెనడాలో 1843లో హత్య కేసులో శిక్ష పడి, 1872లో క్షమాభిక్షతో బయటికొచ్చిన పనిమనిషి గ్రేస్ మార్క్స్ పేరు మీద ఒకదానితో ఒకటి కుదరని కథనాలున్నాయి. అలాంటప్పుడు ఒకటే నిజమని తేల్చి మిగతావి పారేస్తే మంచి నవల పోతుంది. ఏది ఎవరి ముందు, ఎవరి సలహాతో చెప్పిందో పక్కపక్కన పెట్టండి.

తేదీలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. ఏం చేయాలి?

ముందు క్యాలెండరు చూడండి. ఇంగ్లండ్‌లోనూ దాని వలసల్లోనూ 1752 సెప్టెంబరు 2 తర్వాతి రోజు సెప్టెంబరు 14. అంతకుముందు అక్కడ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి "1740 ఫిబ్రవరి" అని ఉన్న ఉత్తరం మన లెక్కలో 1741ది. దీన్ని పట్టించుకోకపోతే బిడ్డ పుట్టాక పెళ్ళయినట్టు తేలుతుంది, లేనిపోని రహస్యం కథలోకి వస్తుంది. రష్యాలో ఈ మార్పు 1918లో జరిగింది: జనవరి 31 తర్వాత ఫిబ్రవరి 14.

శక సంవత్సరానికి 78 కలిపితే మన వాడుక సంవత్సరం వస్తుంది. జనవరి నుంచి ఉగాది లోపు తేదీలకు 79 కలపాలి. ప్రభవాది పేరొక్కటే ఉంటే జాగ్రత్త. విరోధి 1289లోనూ ఉంది, 1349లోనూ ఉంది.

ఒక్క తేదీ మారితే నవల చివరి భాగమంతా మారిపోతుంది. రుద్రమదేవి 1295 ప్రాంతం వరకు పాలించిందని చాలాకాలం అనుకున్నారు. నల్గొండ ప్రాంతంలోని చందుపట్లలో దొరికిన శక 1211, అంటే 1289 నాటి శాసనం ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు చనిపోయిన సంగతి చెబుతోంది. పువ్వుల ముమ్మడి అనే సైనికుడు వాళ్ళ పుణ్యం కోసం చేసిన భూదానం అది. రాణి మరణం గురించి మనకు చెప్పింది ఆస్థాన కవి కాదు, ఒక బంటు. పాత పుస్తకాల్ని నమ్మి ఆమెను మరో ఆరేళ్ళు సింహాసనం మీద కూర్చోబెట్టినవాళ్ళను తప్పుపట్టలేం. ఇప్పుడు రాసేవాళ్ళకు మాత్రం ఆ అవకాశం లేదు.

కాలక్రమ పట్టిక ఎలా వేయాలి?

అయిదు నిలువు గడులు చాలు: తేదీ, ఆమె వయసు, ఆమెకు జరిగింది, ఊళ్ళోనో దేశంలోనో జరిగింది, ఆధారం ఎక్కడ దొరికింది. చివరి గడి ఖాళీగా ఉన్న ఏ వరుసనూ నమ్మొద్దు. ఆరు నెలల తర్వాత అది మీరు చదివిందో ఊహించిందో మీకే గుర్తుండదు.

వయసు గడి తప్పనిసరి. ఇంట్లో ఉన్న ప్రతి బిడ్డకూ వయసు రాయండి. అధ్యాయం మొదలుపెట్టే ముందు ఆ రోజు ఆమె ఒడిలో పాలు తాగే బిడ్డ ఉందా, కడుపుతో ఉందా, పురిటిలో పోయిన బిడ్డకు ఎన్ని వారాలైంది అని చూసుకోండి. 1865లో పుట్టి, తొమ్మిదేళ్ళకు పెళ్ళయి, పద్నాలుగేళ్ళకు కన్న బిడ్డను పది రోజులకే పోగొట్టుకుని, 1886లో ఫిలడెల్ఫియాలో వైద్య పట్టా పుచ్చుకుని, 1887 ఫిబ్రవరిలో మరణించిన ఆనందీబాయి జోషి జీవితాన్ని ఇలా వరుసగా రాసి పక్కన వయసు వేస్తే, పట్టా పుచ్చుకున్నది ఇంకా 21 ఏళ్ళు నిండని అమ్మాయి అని తెలిసి చెయ్యి ఆగిపోతుంది.

ఎంతవరకు కల్పించవచ్చు?

మేం పాటించమని చెప్పే గీత ఇది. సంభాషణలు, ఆలోచనలు, గదిలో వెలుతురు, ఆ రోజు వేసుకున్న బట్ట, వీటిని కాలానికి కుదిరినంతవరకు స్వేచ్ఛగా కల్పించండి. పేరు దొరకని పనివాళ్ళకు, ఇరుగుపొరుగుకు పేర్లు పెట్టండి. ఇద్దరు ముగ్గురు నిజమైన వ్యక్తుల్ని కలిపి ఒక పాత్ర చేయొచ్చు, కానీ ఆ పాత్రకు వాళ్ళెవరి పేరూ పెట్టొద్దు.

చావు పుట్టుకల తేదీలు, కోర్టు తీర్పులు, అచ్చయిన ఆమె మాటలు మార్చొద్దు. ఆధారం లేకుండా పేరున్న మనిషి మీద నేరం మోపొద్దు, అతను చనిపోయి మూడొందల ఏళ్ళయినా సరే. ఆమె రాసినట్టుగా ఉత్తరం కల్పిస్తే అది కల్పన అని వెనకమాటలో చెప్పండి. లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ ఉత్తరం ఎక్కడో ఆమె నిజమైన మాటగా తిరుగుతుంది, దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

కథానాయిక ఈ కాలపు మనిషిలా మాట్లాడుతోందని అంటున్నారు. ఎలా సరిదిద్దాలి?

ఈ రకం నవలల్లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే లోపం ఇదే. కారణం ప్రేమే. ఆమెను గౌరవించాలనుకుని మన అభిప్రాయాలన్నీ ఆమె నోట్లో పెడతాం. దాంతో ఆమె చేసిన అసలు సాహసం మాయమవుతుంది.

బెంగాలీలో మొదటి ఆత్మకథల్లో ఒకటి రాసిన రాససుందరీ దేవి చదువు ఎలా నేర్చుకుందో చూడండి. ఆడది చదివితే అనర్థమనే ఇంట్లో, చైతన్య భాగవతం నుంచి ఒక ఆకు తీసి వంటింట్లో దాచుకుంది. కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకు ఒకటి తీసుకుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి, పొయ్యి దగ్గర పని మధ్యలో, ఎవరూ చూడనప్పుడు, ఒక్కో అక్షరం పోల్చుకుంది. "స్త్రీలకు చదువు హక్కు" అని ఆమె చేత అనిపిస్తే ఆ వంటిల్లు ఖాళీ అయిపోతుంది. ఆమెకు కావలసింది భగవంతుడి కథ చదువుకోవడం. ఆ కోరిక ఎంత బలమైనదో రాయండి, ధిక్కారం దానంతట అదే కనిపిస్తుంది.

నిజంగానే బాహాటంగా ఎదిరించినవాళ్ళూ ఉన్నారు. చిన్నప్పుడు జరిగిన పెళ్ళిని ఒప్పుకోనని, భర్త దగ్గరికి వెళ్ళనని బొంబాయి కోర్టులో నిలబడ్డ రఖ్మాబాయి 1887లో కాపురమో ఆరు నెలల జైలో అంటే జైలే అంది. ఆమెలాంటివాళ్ళను మెత్తబరచాల్సిన పని లేదు. తన కాలపు మాటలతోనే ఎదిరించనివ్వండి.

సరిదిద్దే పద్ధతి: రాతప్రతిలో "హక్కు", "స్వేచ్ఛ", "గుర్తింపు", "నా జీవితం నా ఇష్టం" లాంటివి ఎక్కడున్నాయో వెతకండి. ప్రతి చోటా ఆ కాలంలో ఆ మనిషి అదే సంగతికి ఏ మాట వాడి ఉండేదో ఆలోచించండి. ధర్మం, పాపం, పరువు, అన్నం, మాట పోవడం, కర్మ, దైవం. చాలాసార్లు మాట కూడా అక్కర్లేదు, చేసే పని చాలు.

రోజువారీ వివరాల్లో ఎక్కడ ఎక్కువగా తప్పులు దొర్లుతాయి?

నిప్పు, వెలుతురు, దూరం, నొప్పి, డబ్బు దగ్గర.

గీస్తే వెలిగే అగ్గిపుల్ల అమ్మకానికి వచ్చింది 1827లో. అంతకుముందు నిప్పు ఆరిపోతే చెకుముకి కొట్టాలి, లేదా పక్కింటికి వెళ్ళి నిప్పు తెచ్చుకోవాలి. చీకట్లో ఆమె లేచి చటుక్కున దీపం వెలిగించలేదు. రాత్రి సన్నివేశానికి ఆ తేదీన చంద్రుడు ఉన్నాడో లేదో లెక్క చూడండి; ఖగోళ లెక్కలతో ఏ శతాబ్దానికైనా తెలుసుకోవచ్చు. అమావాస్యనాడు ఆమె వెన్నెల్లో పారిపోయిందని రాస్తే, ఎంత భయం రాసినా వృథా.

మత్తు ఇచ్చి ఆపరేషన్ చేయడం అందరి ముందూ నిరూపించింది 1846లో. కాన్పు నొప్పులకు క్లోరోఫాం వాడింది 1847లో, ఎడిన్‌బరోలో. అంతకుముందు కాన్పు సన్నివేశంలో మత్తు లేదు, తర్వాత కూడా పేదల ఇళ్ళలో చాలాకాలం లేదు. ముదురు ఊదారంగు చౌకగా దొరకడం మొదలైంది 1856లో కృత్రిమ రంగు కనిపెట్టాకే. మిరపకాయ, టమాటా, బంగాళదుంప, మొక్కజొన్న, పొగాకు అమెరికా ఖండాల నుంచి వచ్చినవి; 1492కు ముందు మిగతా ప్రపంచంలో ఎవరి వంటింట్లోనూ లేవు.

బ్రిటన్‌లో 1840కి ముందు ఉత్తరం డబ్బులు సాధారణంగా అందుకున్నవాళ్ళే కట్టాలి. ఉత్తరం గుమ్మందాకా వచ్చింది, చేతిలో డబ్బు లేదు, కొడుకు దస్తూరీ మడిచిన కాగితం పైన కనిపిస్తోంది, అది వెనక్కి పోతోంది. ఒక్క తపాలా నిబంధన తెలిస్తే ఇంత సన్నివేశం దొరుకుతుంది.

చట్టం కూడా ఇంటి సామాను లాంటిదే. ఇంగ్లండ్‌లో 1870 చట్టానికి ముందు పెళ్ళయిన స్త్రీ సంపాదన భర్తది. 1882 చట్టం వచ్చాకే ఆస్తి ఆమె పేరు మీద ఉండగలిగింది. 1860లో కాపురం చేస్తున్న ఇల్లాలు కూడబెట్టిన కూలితో సొంత పేరున కొట్టు కొనుక్కుందంటే కథ అక్కడే కూలుతుంది. ఆ కూలి ఎక్కడ, ఎవరికి తెలియకుండా దాచిందో రాస్తే నిలబడుతుంది.

వేరే దేశపు కథ తెలుగులో రాస్తే సంభాషణలు ఎలా ఉండాలి?

ఇది తెలుగు రచయితకే వచ్చే చిక్కు. ఇంగ్లీషు ఆధారాల్లో దాదాపు అందరూ అందరినీ "యూ" అన్న ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో మొదటి వాక్యానికే నిర్ణయించుకోవాలి: ఆమె భర్తను "మీరు" అంటుందా "నువ్వు" అంటుందా? యజమానురాలు పనిమనిషిని "ఏమే" అంటుందా? కథకుడు ఆమెను "ఆమె" అనాలా, "ఆవిడ" అనాలా?

రాయడానికి ముందే ఒక పట్టిక వేసుకోండి. పాత్రలన్నీ అడ్డంగానూ నిలువుగానూ రాసి, ప్రతి జంటకూ ఎవరు ఎవర్ని ఏమని పిలుస్తారో నింపండి. తర్వాత ఆ పిలుపు ఏ అధ్యాయంలో మారుతుందో గుర్తుపెట్టండి. "మీరు" నుంచి "నువ్వు"కు మారే ఒక్క చోట, ఇంగ్లీషులో రాసేవాళ్ళకు ఒక పేజీ పట్టే సంగతి మనకు ఒక్క మాటలో అయిపోతుంది. ఈ బలాన్ని వదులుకోకండి.

పాతకాలమని గ్రాంథికం పెట్టనక్కర్లేదు. అలాగని "టెన్షన్", "ఫీలయింది" కూడా వద్దు. నోటికి పలికే వాడుక భాష, కొత్త అరువు మాటలు తక్కువగా, చాలు. మంత్రసాని, దాది, చాకలి, వంటమనిషి లాంటి పనుల పేర్లకు తెలుగు మాట ఉంటే అదే వాడండి. అక్కడి సంస్థలకు, చట్టాలకు మాత్రం అక్కడి పేర్లే ఉంచండి.

హింసను ఎంతవరకు చూపించాలి?

ఆమెకు జరిగింది దాచకూడదు. కానీ సన్నివేశం ఎవరి కళ్ళ నుంచి చూస్తున్నారో గమనించండి. చూస్తున్నది చేసినవాడి కళ్ళతో అయితే తిరగరాయండి. ఆ తర్వాత ఆమె చేసిన మొదటి పని, నీళ్ళు తోడుకోవడమో, తలుపు గడియ వేసుకోవడమో, బిడ్డకు పాలివ్వడమో, ఎక్కువ చెబుతుంది.

వారసులు బతికే ఉన్నారు. అనుమతి తీసుకోవాలా? చట్టం ఏమంటుంది?

దేశాన్ని బట్టి మారుతుంది, అచ్చుకు ముందు న్యాయవాదికి చూపించడం మంచిది. చనిపోయినవాళ్ళకు పరువునష్టం ఉండదని చాలామంది అంటారు. ఇంగ్లండ్‌లో అది నిజమే. భారతదేశంలో కాదు. బతికుంటే పరువు పోయే ఆరోపణను, దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో, చనిపోయినవాళ్ళ మీద చేసినా నేరం కావచ్చని పాత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో ఉంది, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోనూ ఉంది.

ఉత్తరాల సంగతి మరో రకం. ఉత్తరం ఎవరి పెట్టెలో ఉందో వాళ్ళు కాగితానికి మాత్రమే యజమానులు. మాటల మీద హక్కు రాసినామె వారసులది. భారతదేశంలో కాపీరైటు రచయిత మరణం తర్వాత 60 ఏళ్ళు, బ్రిటన్‌లోనూ ఐరోపా దేశాల్లోనూ సాధారణంగా 70 ఏళ్ళు. బతికుండగా అచ్చుకాని రచనలకు లెక్క వేరు. భారతదేశంలో మొదటిసారి అచ్చయిన నాటి నుంచి లెక్కిస్తారు. అందువల్ల ఉత్తరం పాతదైనంత మాత్రాన హక్కు తీరిపోయిందనుకోవద్దు.

చట్టం అడగకపోయినా కుటుంబానికి ముందే చెప్పడం మంచిది. మార్చడానికి వాళ్ళకు రాతప్రతి ఇవ్వక్కర్లేదు. ఏ సంగతి రాయబోతున్నారో చెబితే చాలు. వాళ్ళు పుస్తకం అచ్చయ్యాక అంగట్లో చూసి తెలుసుకోవడం కంటే కష్టమైనది ఇంకోటి లేదు.

ముసలివాళ్ళను అడిగి తెలుసుకునేటప్పుడు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

"ఆమె ఎలాంటిది?" అని అడగొద్దు. "దేవత లాంటిది" అన్న జవాబు తప్ప ఏమీ రాదు. వస్తువుల్ని అడగండి. ఆమె పెట్టెలో ఏముండేది? ఎక్కడ పడుకునేది? చివరగా ఎవరు తినేవాళ్ళు? తాళాలు ఎవరి దగ్గర? గంటన్నరకు మించి కూర్చోబెట్టొద్దు. వారం తర్వాత రెండోసారి వెళ్ళండి, అసలు మాట తరచుగా అప్పుడే వస్తుంది. మొదటిరోజు చెప్పిన సంగతి వాళ్ళ మనసులో తిరుగుతూ ఉంటుంది కదా. గదిలో మగవాళ్ళో, కోడళ్ళో ఉంటే చెప్పేది మారిపోతుంది, కాబట్టి ఒక్కసారైనా ఒంటరిగా మాట్లాడే వీలు చూసుకోండి. రికార్డు చేసే ముందు అడగండి, దాన్ని నవలలో వాడొచ్చా అన్నది విడిగా అడగండి.

మొత్తం జీవితం రాయాలా, ఒక భాగమా?

సాధారణంగా భాగమే. పుట్టుక నుంచి చావు దాకా రాస్తే మధ్యలో సంవత్సరాలు పరుగెత్తుతాయి, మనిషి కనిపించదు. ఆమె నిర్ణయం తీసుకున్న నెలలు కేంద్రంగా పెట్టండి.

పాఠకురాలిగా నిజమెంతో ఎలా తెలుసుకోవాలి?

వెనకమాట ముందు చదవకండి, కథ పోతుంది. కానీ చదివాక తప్పక చదవండి. అందులో ఏవి మార్చారో, ఏ పాత్ర కల్పితమో, ఏ ఉత్తరం నిజమో విడివిడిగా చెప్పి ఉంటే ఆ రచయితను నమ్మొచ్చు. "వాస్తవ ఘటనల స్ఫూర్తితో" అన్న ఒక్క వాక్యమే ఉంటే, పుస్తకంలోని ఏ సంగతినీ చరిత్రగా ఇంకొకరికి చెప్పకండి.

పరిశోధన ఎప్పుడు ఆపాలి? అచ్చుకు ముందు చివరగా ఏం చూడాలి?

కొత్తగా చదివే మూడు ఆధారాలు మీ పట్టికలో ఒక్క వరుసనూ మార్చకపోతే రాయడం మొదలుపెట్టొచ్చు. రాస్తుండగా తెలియని వివరం వస్తే ఆగి వెతకొద్దు. ఆ చోట ఒక గుర్తు పెట్టి ముందుకు పోండి. చివర్లో ఆ గుర్తులన్నీ ఒకేసారి చూసుకుంటే, సగం వివరాలు అక్కర్లేదని తేలుతుంది.

చివరి పఠనానికి మూడు రంగుల పెన్సిళ్ళు తీసుకోండి. ఆధారమున్న వాక్యానికి ఒకటి, ఆధారం నుంచి ఊహించినదానికి ఒకటి, పూర్తిగా కల్పించినదానికి ఒకటి. ఇరవై పేజీలు వరుసగా మొదటి రంగే ఉంటే అక్కడ మీరు పాఠం చెబుతున్నారు, తగ్గించండి. ఇరవై పేజీలు మూడో రంగే ఉంటే అక్కడ ఆమె లేదు, మీరే ఉన్నారు. మళ్ళీ ఆ కాగితాల దగ్గరికి వెళ్ళండి. ఏ రంగు వేయాలో మీకే తోచని వాక్యాలు కొన్ని మిగులుతాయి. వాటి జాబితా విడిగా రాసుకోండి. వెనకమాటలో పాఠకులకు చెప్పాల్సినవి అవే.